ఎనిమిది మిరియాల బీరు

ఆ శనివారం జెనోనాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేచి బీరు కాయాలి, అంతే. వచ్చే ఆదివారం మనవరాలు ఊర్తేకి బాప్తిస్మం, విందుకు నూరు లీటర్లు కావాలి. వాన జాడ లేదు, బావిలో నీళ్ళు తేటగా ఉన్నాయి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మరాడించి సిద్ధంగా ఉంది. పెరటి పాకలో తాతగారి ఓక్ తొట్టి కడిగి, అడుగున గడ్డి పరిచి ఉంది. ఇక ఏ అడ్డంకీ రాదనుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా కొంతమందికి ఇలాంటి నమ్మకాలు పోవు.

పస్వలీస్ చుట్టుపక్కల పల్లెల్లో జెనోనాస్ చేతి బీరుకు పేరుంది. పెళ్ళయినా, చావయినా, కొత్త ఇంటికి దూలం ఎత్తినా ఆయన పీపా వచ్చి తీరాలి. "ఇందులో ఏం వేస్తావయ్యా?" అని ఎవరడిగినా జవాబు ఒకటే. "నీళ్ళు, బార్లీ, హాప్ పూలు, ఈస్టు. నా చేత్తో ఇంకోటి వేసి ఎరగను!" ఆ మాట అనేటప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

కానీ ఆ బీరులో ఇంకోటి ఉంది. మింగిన కాసేపటికి గొంతు చివర వెచ్చగా ఒక గిల్లుడు. అది ఆయన భార్య తెయోఫిలే చలవ. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారు వంటింట్లోకి పిలిచి, తలుపు వేసి, రహస్యం చెప్పింది. బీరుకు చేదునిచ్చే హాప్ పూలు పొయ్యి మీద మరుగుతున్నప్పుడు ఎనిమిది మిరియాలు దంచి గిన్నెలో పడెయ్యాలి, మగవాళ్ళకు తెలియకూడదు. "మీ మామయ్యక్కూడా నేను చెప్పలేదు" అంది ఆ మహాతల్లి. "బీరు తన చేతి మహిమే అనుకున్నన్నాళ్ళూ మగాడు హుషారుగా ఉంటాడే అమ్మాయ్. హుషారుగా ఉన్నవాడు అడక్కుండానే కట్టెలు కొట్టిపెడతాడు." నలభై ఒక్క ఏళ్ళుగా పాకలో మొగుడు బార్లీ కలుపుతూ ఉంటే, వంటింట్లో తెయోఫిలే హాప్ గిన్నెలో మిరియాలు వేస్తూనే ఉంది. ఇంట్లో కట్టెలకు ఏనాడూ కొదవ రాలేదు.

చిక్కు రెండేళ్ళ కిందట, కూతురు వైవా పెళ్ళిలో మొదలైంది. వియ్యంకుడు రాపోలాస్ బిర్జై వైపు మనిషి. అటువాళ్ళు బీరు తామే కనిపెట్టామన్నట్టు మాట్లాడతారు. ఆయనా సొంతంగా కాస్తాడు. జెనోనాస్ బీరు చప్పరించి, ఒక కన్ను మూసి, "బావగారూ, ఇందులో ఏదో దినుసు పడింది. నా నాలుక అబద్ధం చెప్పదు" అన్నాడు. నలుగురిలో ఆ మాట పడేసరికి జెనోనాస్‌కు రోషం పొడుచుకొచ్చింది. "ఉందని రుజువు చెయ్యండి బావగారూ, మా తాత తొట్టి బండికెత్తించి మీ పాకకి పంపిస్తాను!" అనేశాడు.

ఆ తొట్టి తాతగారు తన చేతుల్తో చెక్కింది. సర్కారు ఉమ్మడి సాగంటూ అన్నీ లాక్కున్న కొల్ఖోజు రోజుల్లో ఎండుగడ్డి కింద దాచి కాపాడుకున్నది. రాపోలాస్ ఆ పందెం మర్చిపోలేదు. తెయోఫిలే అసలే మర్చిపోలేదు. మిరియాలు మానేస్తే మొగుడి పేరు పోతుంది, వేస్తే తొట్టి పోయేలా ఉంది. అప్పటినుంచీ హాప్ గిన్నె మూత తీసినప్పుడల్లా ఆవిడ ఒకటికి రెండుసార్లు గుమ్మం వైపు చూసుకుంటోంది. అయినా ఎనిమిదికి ఎనిమిదీ వేస్తూనే ఉంది.

ఆ శనివారం ఎనిమిది గంటలకు పస్వలీస్ నుంచి దర్జీ ఆవిడ ఫోను చేసింది. పాప బాప్తిస్మం గౌను తయారైందట, కానీ తను మధ్యాహ్నం రైలుకు కూతురింటికి పోతోందట, పదకొండులోపు వచ్చి తీసుకెళ్ళాలట. బస్సు తొమ్మిదింటికి. హాప్ పూలు మరిగేది పదింటికి. తెయోఫిలే రెండు నిమిషాలు ఆలోచించి, మిరియాలు దంచి పొట్లం కట్టి, నీలం దారం చుట్టి, కంచె పక్కింటి లియుద్వికా దగ్గరికి పరిగెత్తింది.

"వదినా, నా ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నా. పదింటికి మా వంటింట్లో హాప్ గిన్నె పొయ్యి మీద ఉంటుంది. ఆయన పాకలో ఉంటాడు. ఈ పొట్లం అందులో వేసి వచ్చెయ్. ఆయన కంట పడకూడదు."

"ఏంటిది, మందా?" అని లియుద్వికా గుటక వేసింది.

"మిరియాలే, ఎనిమిది. ఎందుకని అడక్కు."

లియుద్వికా అడగలేదు. పొట్లం ఏప్రాన్ జేబులో వేసుకుని కోళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళింది. ఆవిడ మనసు వెన్న. జేబుకు మాత్రం చిల్లు ఉంది. పదింటికి తడుముకుని చూసుకుంటే పొట్లం లేదు. కోళ్ళ మధ్య వెతికే ఓపిక, తీరిక లేక, ఇంట్లో సాసేజిల కోసం పొడి కొట్టి ఉంచిన మిరియాల సీసా పట్టుకుని వెళ్ళింది. ఎనిమిది మిరియాలంటే పొడిలో ఎంతవుతుందో ఎవరు లెక్కగట్టారు! ఒక చెంచా వేద్దామని సీసా వంచింది. సరిగ్గా అప్పుడే పాకలోంచి జెనోనాస్ దగ్గాడు. లియుద్వికా ఉలిక్కిపడింది, సీసా మూత ఊడింది, సగం పొడి గిన్నెలోకి జారింది. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని, గబగబా గరిటెతో కలిపి, పెరటి దారిన పారిపోయింది.

పాకలో జెనోనాస్ మనసు మనసులో లేదు. ఆయన గడ్డిమీదుగా తియ్యటి బార్లీ నీళ్ళు వడగడుతున్నాడు గానీ, కళ్ళు వంటింటి వైపే ఉన్నాయి. భార్య బస్సెక్కింది. ఈసారి హాప్ గిన్నె దగ్గర ఎవరూ లేరు. కాసేపు తనలో తనే గొణుక్కున్నాడు, కాసేపు టోపీ తీసి తల గోక్కున్నాడు. చివరికి చేతులు తుడుచుకుని ఫోను తీశాడు.

"ఏమే, సాసేజిల్లోకి మిరియాలు ఎన్నేస్తావు?"

పస్వలీస్‌లో దర్జీ గుమ్మం ముందు తెయోఫిలే ఉలిక్కిపడింది. "సాసేజిలా? నువ్వు బీరు కాస్తున్నావు కదయ్యా!"

"కాస్తూనే ఉన్నా. ఊరికే గుర్తొచ్చింది."

"పది కిలోల మాంసానికి గుప్పెడు. ఏం, పందిని కోసేశావా ఏంటి?"

"లేదులే, బతికే ఉంది. నిన్ను అడిగానని చెప్పమంది."

"మన ఇంటికి ఎవరన్నా వచ్చారా?" తెయోఫిలే గొంతు ఎంత మామూలుగా పెడదామన్నా కీచుమంది.

"ఎవరూ రాలేదే! ఎవరొస్తారు?"

ఎవరూ రాలేదా! అంటే లియుద్వికా వెళ్ళలేదన్నమాట, అనుకుంది తెయోఫిలే. ఇటు జెనోనాస్ లెక్కల్లో పడ్డాడు. పది కిలోలకు గుప్పెడంటే నూరు లీటర్లకు పది గుప్పెళ్ళు. కానీ మాంసం గట్టిది, బీరు పల్చనిది, కాబట్టి అందులో మూడో వంతు చాలు. అల్మారాలో డబ్బా వెతికి పట్టుకుంటే, దైవికంగా అందులో సరిగ్గా మూడు గుప్పెళ్ళే ఉన్నాయి. ఇది తప్పకుండా తను వెళ్తున్న దారి సరైనదని చెప్పే సూచన అనుకుని, రోట్లో దంచి మొత్తం గిన్నెలో వేశాడు. ఘాటుకు మూడుసార్లు తుమ్మాడు. తన చేతి పని అంతే ఘాటు మరి, అని సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తెయోఫిలే గౌను డబ్బా చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, కంచె దగ్గర లియుద్వికా కోళ్ళు ఏదో కాగితం మీద కొట్లాడుకుంటున్నాయి. కాగితానికి నీలం దారం ఉంది. కంచె అవతల కేకేస్తే లియుద్వికా పలకలేదు. బంగాళాదుంపలు తవ్వడానికి చెల్లెలింటికి వెళ్ళిందట, బాప్తిస్మం రోజుకే వస్తుందట. ఇక సందేహం లేదు. మిరియాలు కోళ్ళ పాలయ్యాయి, బీరు చప్పబడిపోయింది.

అప్పటికే హాప్ కషాయం తొట్టిలో పడింది, ఈస్టు కూడా కలిసింది. తొట్టి మీద పాత గొర్రెతోలు కోటు కప్పి జెనోనాస్ పక్కనే పీట వేసుక్కూర్చున్నాడు. తెయోఫిలే అల్మారా తెరిచి డబ్బా వంచితే ఒక్క మిరియం రాలలేదు. దోసకాయల ఊరగాయలో వేసేశానేమో అనుకుంది. ఇంట్లో మిగిలింది ఒక్కటే, వైవా జార్జియా విహారానికి వెళ్ళి తెచ్చిన ఎర్ర కారం సీసా. కిందటి ఏడు అందులోంచి చిటికెడు సూపులో వేస్తే జెనోనాస్ గుమ్మం దాటి బావి దాకా పరిగెత్తాడు. సీసా కోటు జేబులో దాచుకుని ఆవిడ పాక గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా, మన పొగగొట్టం మీద కొంగ వాలింది, చూశావా?"

"సెప్టెంబరు చివర్లో కొంగేంటే? నెల కిందటే పోయాయి కదా అన్నీ!"

"అదే కదా వింత! వెళ్ళి చూడు."

జెనోనాస్ వెళ్ళి చూశాడు. మంచి మనిషి, కొంగ లేదని ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో తెయోఫిలే గొర్రెతోలు ఒక మూల ఎత్తి, రెండు చెంచాలు వేసి, చల్లటి దాంట్లో వేస్తే సారం దిగదేమోనని ఇంకో రెండు వేసి, కోటు కప్పేసి బయటపడింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. విందు కోసం కాచిన బీరు అతిథుల ముందు బిరడా తీసేదాకా ఎవరూ రుచి చూడరు. తాత పెట్టిన నియమం. అది తాతలందరి నియమాల లాంటిదే, ఎందుకని అడగడానికి ఆయన లేడు. కాబట్టి వారం రోజులూ పీపా చల్లటి నేలమాళిగలో మూతి బిగించుకుని కూర్చుంది, ఎవరి ధైర్యం వాళ్ళు కూడదీసుకున్నారు.

ఆదివారం చర్చిలో ఊర్తే ఏడవలేదు. ఇంటికొచ్చాక పన్నెండు మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. పొగబెట్టిన పందిమాంసం, వెల్లుల్లి రుద్ది వేయించిన రై రొట్టె, బంగాళాదుంపలు తురిమి కాల్చిన కుగెలిస్ వరసగా ఉన్నాయి. జెనోనాస్ బిరడా తీసి, మట్టి ముంత నిండా బీరు పట్టాడు. అక్కడ ముంత ఒక్కటే. ఇంటాయన ముందు తాగి, పక్కవాళ్ళ పేరు పెట్టి పిలిచి, "నీ ఆరోగ్యానికి!" అని నింపి అందించాలి. అందుకున్నవాళ్ళు అడుగంటా తాగి, ఆ పక్కవాళ్ళకు అందించాలి. ముంత మధ్యలో దించినా, మొహం చిట్లించినా, ఇంటివాళ్ళను అవమానించినట్టే.

జెనోనాస్ ముంత ఎత్తాడు. మొదటి గుక్క పరవాలేదు. రెండో గుక్కకు చెవులు వేడెక్కాయి. మూడో గుక్కకు తాత, తండ్రి, పోయిన మేనమామ వరసగా కళ్ళముందు కదిలారు. 'మూడు గుప్పెళ్ళు! కొంప ముంచాను' అనుకుంటూ అడుగంటా తాగి, కన్నీళ్ళతో నవ్వుతూ పక్కకు తిరిగాడు.

"ఫాదర్ గారూ... మీ ఆరోగ్యానికి!"

ఫాదర్ తాగాడు. మధ్యలో ఆగి పైకప్పు వైపు చూశాడు, బహుశా అంతకంటే పైకి. అప్పుడు మిగతాది పూర్తిచేసి, తన పక్కనున్న ఎనభై ఏడేళ్ళ కొత్రీనా పెద్దమ్మకు ముంత అందించాడు. పెద్దమ్మ గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇన్నాళ్ళకి కాళ్ళు వెచ్చబడ్డాయిరా నాయనా" అంది. తర్వాత లియుద్వికా తాగింది. సగం సీసా సంగతి గుర్తొచ్చి పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. తర్వాత తెయోఫిలే తాగింది. నాలుగు చెంచాల కారం ఇంత పని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు. వియ్యపురాలు అదోల్ఫినా తాగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎవరి పాపం వాళ్ళ గొంతులో మండుతోంది, ముంత మాత్రం చేతులు మారుతూనే ఉంది.

బల్ల చివర రాపోలాస్ ఇదంతా చూస్తున్నాడు. అందరి కళ్ళలో నీళ్ళు చూసి, పసిదాని బాప్తిస్మానికి మనసు కరిగారనుకున్నాడు. తనూ జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. ముంత తన చేతికి వచ్చింది. పెద్ద మనిషి తరహాగా ఒక్క గుక్కలో ఎత్తేశాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత రాపోలాస్ మెడ నుంచి నుదురు దాకా ఎర్రదనం ఎక్కడం అందరూ చూశారు. బల్ల మీద అరచెయ్యి వేసి చరిచాడు. పాలు తాగి నిద్రపోతున్న ఊర్తే కళ్ళు తెరిచి మూసుకుంది.

"మిరియాలు!" అన్నాడు గాలి పీలుస్తూ. "మిరియాలే కాదు, మిరపకాయ కూడా! బావగారూ, నేను చెప్పలేదూ? పన్నెండు మంది సాక్షులు! తొట్టి నాది!"

తెయోఫిలే జెనోనాస్ మొహం చూసింది. నలభై ఒక్క ఏళ్ళు ఆవిడ దేనికోసం నోరు కట్టుకుందో అది ఇప్పుడు బల్ల మీద నలుగురి ముందు పడి ఉంది. తొట్టి పోతే పోనీ, ఆయన్ను అబద్ధాలకోరు అనిపించకూడదు. ఆవిడ లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆయన అబద్ధం చెప్పలేదు. మిరియాలు వేసేది నేను. పెళ్ళయిన ఏడాది నుంచీ, ఆయనకు తెలీకుండా. ఈసారి కారం కూడా నేనే వేశాను."

"నువ్వెక్కడ వేశావు వదినా?" లియుద్వికా ఏడుపు గొంతుతో అందుకుంది. "నువ్వు ఊళ్ళో లేవు, వేసింది నేనే కదా! సగం సీసా జారిపోయింది."

"నువ్వు వేశావా? మరి కోళ్ళు తిన్నదేంటి?"

"ఆగండి, ఆగండి" అన్నాడు జెనోనాస్. "ఈసారి వేసింది నేను. మూడు గుప్పెళ్ళు."

తెయోఫిలే కుర్చీలో కూలబడింది. "నువ్వా? నువ్వెందుకు వేశావు?"

"నువ్వు ఊరెళ్ళావు కాబట్టి. వెయ్యడానికి ఎవరూ లేరనుకున్నా."

"అంటే... నీకు తెలుసా?"

"నువ్వు కాపురానికొచ్చిన మొదటేడే తెలుసు. అమ్మ మిరియాలేసిన బీరు తాగి పెరిగినవాణ్ణి, నాకు తెలీకుండా ఉంటుందా? ప్రతిసారీ హాప్ మరిగే వేళకి కుక్కకి నీళ్ళు పెట్టడానికని నేను అవతలికి పోయేది ఎందుకనుకున్నావు? నువ్వు హడావుడి పడకుండా వేసుకుంటావని. పాపం ఆ కుక్కకి అంత దాహం ఎప్పుడూ లేదు."

"మరి ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావేమోనని. సిగ్గుపడి మానేస్తావేమోనని భయం." జెనోనాస్ బల్ల మీద రొట్టె ముక్కలు ఏరుతూ, ఎవరి వంకా చూడకుండా అన్నాడు. "నా బీరులో నాకు బాగా నచ్చేది అదొక్కటే."

నలభై ఒక్క ఏళ్ళలో ఆయన తెయోఫిలేతో చెప్పిన తియ్యటి మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటన్నిటిలో ఇదే పెద్దది. ఆవిడ ఏప్రాన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఈసారి ఆ నీళ్ళు కారానివి కావు. మొగుడి చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఫాదర్ ఉన్నాడని కూడా చూసుకోలేదు.

జెనోనాస్ గొంతు సవరించుకుని వియ్యంకుడి వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ నా చేత్తో వెయ్యలేదన్నది నిజం బావగారూ. ఈసారి నా చేత్తోనే వేశాను. మాటంటే మాటే. రేపు బండి తెచ్చుకోండి, తొట్టి ఎత్తిస్తాను."

రాపోలాస్ గర్వంగా లేచి, ఉపన్యాసానికి కోటు గుండీలు పెట్టుకున్నాడు. "చూశారా అందరూ! మా బిర్జైలో మాత్రం ఇలాంటి వేషాలుండవు. బీరంటే బీరే. మా ఇంట్లో పీపాలోకి ఒక్క గింజ..."

"కూర్చోండి" అంది అదోల్ఫినా.

ఆవిడ గట్టిగా కూడా అనలేదు, కళ్ళజోడు పెట్టుకుంటూ అంది. "ముప్పై నాలుగేళ్ళుగా మీ బీరులో ధనియాలూ, నాలుగు మిరియాలూ వేస్తున్నదెవరనుకుంటున్నారు? మీరు కాచిన మొదటి బీరు గుర్తుందా? మా నాన్న తాగి, కిటికీలోంచి ఉమ్మెయ్యలేదూ? ఇక నేనే ఏదో ఒకటి వెయ్యాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా."

రాపోలాస్ నోరు తెరిచాడు. దాంట్లోంచి కొంచెం ఆవిరి వచ్చినట్టు తర్వాత కొత్రీనా పెద్దమ్మ ఒట్టేసి చెప్పింది. ఆయన భార్యను చూశాడు, జెనోనాస్‌ను చూశాడు, మళ్ళీ భార్యను చూశాడు. జెనోనాస్‌కు భార్య సంగతి ముందే తెలుసు, తనకు తెలీదు. ఆ తేడా ఆయన్ను మిరపకాయ కంటే ఎక్కువ మండించింది.

"నిజంగానా?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

"నిజంగానే. మీరు అంత సంతోషంగా ఉండేవారు, చెప్పబుద్ధి కాలేదు."

జెనోనాస్ లేచి వెళ్ళి వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేశాడు. "బావగారూ, అలా అయితే అదే లెక్కన మీ తొట్టి కూడా నాకివ్వాలి. రెండు బళ్ళు రానూపోనూ ఎందుకు, ఎవరి తొట్టి వాళ్ళ దగ్గరే ఉండనిద్దామా?"

రాపోలాస్ తల ఊపాడు. కొత్రీనా పెద్దమ్మ ముంతను బల్ల మీద టకటకా కొట్టి, తన వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగింది. ఫాదర్‌కు పది రోజుల జలుబు వదిలింది. సాయంత్రానికి పీపా సగం ఖాళీ అయింది, ఇంటికి తీసుకెళ్తామని సీసాలు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, దగ్గుకు పనికొస్తుందని.

రాపోలాస్ మాత్రం ఆ నెలాఖరుకు భార్యను వాళ్ళక్క ఇంటికి పంపించి, వంటింటికి తాళం వేసి, ఎవరి సాయమూ లేకుండా ఒంటి చేత్తో బీరు కాచాడు. చాలా నిజాయితీగా ఉందని తాగినవాళ్ళంతా మెచ్చుకున్నారు గానీ, రెండో ముంత ఎవరూ అడగలేదు.